ఎంతమందికి సరిపడా

ఇంటి కంప్యూటర్ తెప్పించిన ఉప్పే మళ్లీ మళ్లీ తెప్పిస్తోంది. దానికి మతిమరుపు ముదిరిందని, కొత్త మెమరీ కొనడానికి వకుళ విజయవాడలో విడిభాగాల కొట్టుకు వెళ్లింది.

"ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా? మనుషుల్ని బట్టే సైజు," అన్నాడు కొట్టు యజమాని జిలానీ.

పదేళ్లుగా ఇలాంటివన్నీ కంప్యూటరే చూసుకుంటోంది. వకుళ వేళ్లు మడిచి లెక్కపెడితే ఒకసారి ముగ్గురు, ఒకసారి ఐదుగురు వచ్చారు. ఇక లాభం లేదని ఇంటికే ఫోన్ చేసింది.

"ఏమే, మనింట్లో ఎంతమందిమి ఉంటాం?"

"నలుగురనుకుంటా అక్కా," అంది కంప్యూటర్. "నాకూ సరిగ్గా గుర్తులేదు. ముందు మెమరీ తీసుకురా, చెప్తాను."

జిలానీ రెండు డబ్బాలు ముందు పెట్టాడు. ఒకటి నలుగురికి, ఒకటి ఆరుగురికి.

"పెద్దదే ఇవ్వండి," అంది వకుళ బెంగగా. "ఎవరైనా మిగిలిపోతారేమో."