తెచ్చుకో

"ఇదేనా సార్, నొక్కాల్సింది?" అని అడిగింది మానస.

ఉదయ్ ఆమె చేతినే చూస్తున్నాడు. కంప్యూటర్ ముందు కొత్తగా కూర్చున్నవాళ్లు ఎక్కడ తడబడతారో తెలియాలంటే పక్కనున్నవాడు నోరు మూసుకోవాలి.

"మీకెట్ల తోస్తే అట్ల చెయ్యుండ్రి" అన్నాడు చివరికి.

ప్రతి ఆదివారం అతను హనుమకొండ నుంచి ల్యాప్‌టాప్ పట్టుకొని ఖిలా వరంగల్‌లోని ఈ ఇంటికి వస్తాడు. అందులో ఉన్నది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. ఏ ప్రోగ్రామ్ పెట్టుకోవాలన్నా నల్లటి తెర మీద పొడుగాటి ఇంగ్లిష్ ఆదేశాలు టైపు చెయ్యాలేమోనన్న భయంతోనే చాలామంది దాన్ని మొదటిరోజే వదిలేస్తారు. ఆ భయం పోగొట్టడానికి తయారైందే 'అంగడి'. అందులో ప్రోగ్రామ్‌లకు తెలుగులో పేర్లుంటాయి. పక్కన బొమ్మలుంటాయి. కింద ఒకటే బటన్, 'తెచ్చుకో' అని.

మానసకు బొమ్మలు గీసే ప్రోగ్రామ్ కావాలి. తలమీది చున్నీ సర్దుకొని మౌస్ పట్టుకుంది. బటన్ నొక్కగానే పాస్‌వర్డ్ అడిగింది. ఆమె వెనక్కి జరిగింది.

"బుగులైతాంది సార్. ఏమన్న ఖరాబైతే?"

"ఏం కాదు. నువ్వు..." అని ఆగి, "మీరు జర కింద ఏమున్నదో చదువుండ్రి" అన్నాడు.

ఆమె కూడబలుక్కుంటూ చదివింది. "ఫికర్ చెయ్యకండి. ఇది మీ కంప్యూటరే. తప్పు నొక్కినా ఏదీ పోదు."

మానస నవ్వింది. ఉదయ్ చెప్పిన పాస్‌వర్డ్ కొట్టింది. వేళ్లు కీబోర్డు వంక చూడకుండానే చకచకా కదిలాయి. ఉదయ్ ఊపిరి బిగబట్టాడు. ఆమె అదేమీ గమనించలేదు.

మానస తల్లి కళావతి చాయ్ తెచ్చింది. ఏమైందన్నట్టు ఉదయ్ వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె కొంగు కళ్లకు అడ్డం పెట్టుకొని వంటింట్లోకి వెళ్లిపోయింది.

తెర మీద తెల్లటి కాగితం తెరుచుకుంది.

"వచ్చింది సార్" అంది మానస చిన్నపిల్లలా. "ఇదంత మీరే చేసిన్రా?"

"నేను కాదు. నాకు తెలిసినామె."

"కొత్తోళ్లకు యాడ బుగులైతదో ఆమెకు మంచిగ ఎర్క. నా పక్కన కూసోని చెప్పినట్టున్నది. ఒక్కసారి తోల్కరాండ్రి సార్. చూస్త."

ఉదయ్ చాయ్ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించేశాడు.

"అదే కోషిష్‌ల ఉన్న" అన్నాడు.

మడికొండ రోడ్డు మీద లారీ గుద్ది, తన చదువునూ పెళ్లినీ మరిచిపోకముందు, ఆ అంగడిని తయారుచేసింది అతని భార్య మానసే.