ముప్ఫై నాలుగో నంబరు చోటు

"అది మాత్రం కొట్టెయ్యకు," అన్నాడు ఆర్విడ్.

మైసీ చేతిలో పెన్ను ఆగింది. సెయింట్ పాల్‌లో ఆ వృద్ధుల అపార్ట్‌మెంట్లకు ఆమె మేనేజరు. అద్దెల కొత్త చట్టం వచ్చిన దగ్గర్నుంచి ఒక్కొక్కరినీ ఆఫీసుకు పిలిచి, ఏడాది అద్దె ఒప్పందం మొదటి పేజీలోనే ఫీజులన్నీ చదివి వినిపిస్తోంది. తప్పనిసరిగా కట్టాల్సినవి ఒక పక్క, ఇష్టమైతేనే కట్టేవి ఇంకో పక్క. ఇన్నాళ్లూ చివరి పేజీల్లో చీమ తలకాయంత అక్షరాల్లో దాక్కున్నవన్నీ ఇప్పుడు ముందుకొచ్చి నిలబడ్డాయి.

అప్పటిదాకా పని సాఫీగానే సాగింది. ఆర్విడ్ కేబుల్ టీవీ వద్దన్నాడు. పార్సిళ్ల పెట్టె వద్దన్నాడు. వ్యాయామం గదికి డబ్బు కడుతున్నారని చెబితే, "అదెక్కడుంది?" అని అడిగాడు. డెబ్భై మూడేళ్ల మనిషి. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఒక్కో గీత గీస్తుంటే మైసీకి సంతోషంగా ఉంది. ఆర్విడ్ మొహంలో సంతోషమూ లేదు, విచారమూ లేదు.

"అన్నిటికంటే పెద్దది ఇదే, ఆర్విడ్ గారూ. కింద గ్యారేజీలో కారు చోటు, ముప్ఫై నాలుగో నంబరు. నెలకి నూట ఇరవై డాలర్లు."

"ఉండనీ."

"మీరు కారు నడపడం మానేసి ఏడాదైంది కదా!"

"అయింది."

"మరి?"

"ఉండనీలే."

కారూ లేదు, లైసెన్సూ లేదు, కారుకి చోటు మాత్రం కావాలట. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత మైసీకి తెలియదు గానీ, ఆమె చూసిన చూపుకి అర్థం అదే. అంతలో ఆమెకి తట్టింది. ఆసియా కొండల నుంచి వలసొచ్చిన మైసీ వాళ్ల మోంగ్ ఇళ్లలో పెట్టింది వద్దంటే అమ్మమ్మలకి కోపం వస్తుంది. ఈ నార్వే ముసలాళ్ల మర్యాద వేరు. కాఫీ ఇస్తే రెండుసార్లు వద్దంటారు, మూడోసారి అడిగితేనే కప్పు అందుకుంటారు. పాపం, మొహమాటపడుతున్నాడు. మూడోసారి అడిగింది.

"తీసేద్దాం. మొహమాటం వద్దు. నేను నా జేబులోంచి ఇవ్వట్లేదు, చట్టం ఇస్తోంది."

"వద్దమ్మాయ్."

మూడోసారి కూడా వద్దన్నాడంటే అది నిజంగా వద్దనడమే. మైసీకి చిరాకేసింది.

"ఏం చేస్తారు కింద? డేరా వేసుకుని చేపలు పడతారా?"

చలికాలం చెరువులు గడ్డకట్టగానే డేరా భుజానేసుకుని, మంచుకి కన్నం పెట్టి చేపలు పట్టడానికి బయల్దేరే మనిషి ఆర్విడ్. ఇంకోరోజైతే ఆ మాటకి పగలబడి నవ్వేవాడు.

"కింద చేపలు లేవు," అన్నాడు.

"మాత్రలు సగానికి విరిచి వేసుకుంటున్నానని పోయిన వారం మీరే చెప్పారు. ఈ డబ్బుతో మొత్తం మాత్ర మింగొచ్చు కదా!"

"సగం మాత్ర బాగానే పనిచేస్తోంది."

"చుట్టాలు వస్తారనా? వచ్చినా మూడు రాత్రులు దాటి ఉండకూడదని తెలుసుగా. ఇక్కడ ఉండేవాళ్లకి అరవై నిండాలి, మీ ఫ్లాటులో ఒక్కరే ఉండాలి."

"తెలుసు."

"వాళ్ల కార్లకి బయట ఉచితంగా చోటుంది."

"బయట మైనస్ ఇరవై."

"అందుకే చెబుతున్నా! ఈ వీధి మొత్తంలో వెచ్చటి గ్యారేజీ మనదొక్కటే. ఆ చోటు కోసం పదకొండు మంది కాచుకుని కూర్చున్నారు. అందరికీ కార్లున్నాయి."

ఆర్విడ్ కాగితం తన వైపు తిప్పుకున్నాడు.

"ఈ పక్కనున్నవి ఎవరి ఇష్టమంటోందమ్మాయ్ చట్టం? నీ ఇష్టమా, నా ఇష్టమా?"

"మీ ఇష్టమే."

"అయితే నాకిష్టం."

సంతకం పెట్టి కళ్లజోడు తీసి జేబులో వేసుకున్నాడు. మంచి చెప్పినా వినని మనిషికి ఎవరేం చేయగలరని మైసీ ఫైలు మూసేసింది. ఆమెకి బాధేసిన మాట నిజం. తర్వాతి వాళ్లు తలుపు దగ్గర నిలబడే ఉన్నారు.

ఆర్విడ్ తన ఫ్లాటుకి వెళ్లాడు. ఓవెన్‌లోంచి మాంసం, బంగాళాదుంపల హాట్‌డిష్ తీసి, గిన్నెకి తువ్వాలు చుట్టి, లిఫ్టులో కిందికి దిగాడు. ముప్ఫై నాలుగో నంబరులో ఆగి ఉన్న పాత వ్యాను అద్దం మీద వేలితో మెల్లగా తట్టాడు.

అద్దం దించిన కూతురి చేతికి గిన్నె అందించి, "పిల్లలకి వేడిగా పెట్టమ్మా. ఇంకో ఏడాదిదాకా మీ ఈ ఇంటికి ఢోకా లేదు," అన్నాడు.