తెర మీద అడ్డగీత

రాడ్డు లేచింది. హన్మా తల మీద పడింది. మళ్లీ లేచింది. ఈసారి దవడ మీద.

"గీడ సూడన్నా," అంది హన్మా భార్య నీలా, లాప్‌టాప్‌ను కౌంటరు మీద జగదీష్ వైపు తిప్పుతూ. "కొట్టెటోడు ఇటు మర్రంగనే తెర చిరిగినట్టయితది. అడ్డంగ గీతొస్తది. ముఖం సగం ఇటు, సగం అటు. మా ఆయన దవాఖానల ఇంకా కండ్లు తెరువలే. ఆ ముఖం జర కనిపిచ్చేటట్టు చెయ్యన్నా."

సూర్యాపేటలో లాప్‌టాప్‌లు బాగుచేసే షాపులు బోలెడున్నాయి. పెన్‌పహాడ్ దగ్గరి తండా నుంచి వచ్చిన ఈ మనిషి వాటన్నిటినీ వదిలేసి తన షాపుకే రావాలా? వీడియోలో ఆ రాడ్డు పట్టుకున్న చెయ్యి జగదీష్‌దే.

మునగాలలో దాబా ముందు హన్మా ఆటో అతని కొత్త కారుకు గీసుకుంది. అంతే. డిక్కీలోంచి జాకీ రాడ్డు తీశాడు. "తప్పయింది సారూ" అంటూ కాళ్లు పట్టుకున్నవాణ్ని కింద పడేసి, పళ్లు రాలేదాకా బాదాడు. రక్తం కళ్లజూశాక ఆగాలనిపించలేదు, ఇంకా కొట్టబుద్ధయింది. ఎవడో బస్సులోంచి వీడియో తీసి ఆన్‌లైన్‌లో పెట్టాడు. మర్నాడే కారును కోదాడలో బావమరిది ఇంటి వెనక దాచి, గడ్డం మీసం నున్నగా గీయించేసుకున్నాడు మహానుభావుడు.

లోపం వీడియోలో లేదు, ఈ లాప్‌టాప్‌లో ఉంది. అతనికి చూడగానే తెలిసిపోయింది. బొమ్మ వేగంగా కదిలినప్పుడే ఆ గీత వస్తుంది. వీడియో ఆపితే మాయమవుతుంది. ఒక్క బటన్ నొక్కితే చాలు, తన ముఖం పెళ్లి ఫొటోలో ఉన్నంత స్పష్టంగా నిలబడుతుంది.

అందుకే అదొక్కటి తప్ప అన్నీ చేశాడు. బ్రౌజర్ మార్చాడు. క్వాలిటీ తగ్గించాడు. లాప్‌టాప్‌ను ఆపి మళ్లీ ఆన్ చేశాడు. ఏదో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తున్నట్టు నటించాడు. ప్రతిసారీ వీడియోను మొదటినుంచీ వేశాడు. రాడ్డు పడ్డ చప్పుడు వినబడినప్పుడల్లా నీలా కౌంటరు అంచును గట్టిగా పట్టుకుంది. కళ్లు మాత్రం తిప్పుకోలేదు.

ఒకసారి ఆమె చెయ్యి కీబోర్డు వైపు సాగింది. జగదీష్ ఆ చేతిని పట్టుకుని విసిరికొట్టాడు.

"ముట్టుకోకక్కా! ఖరాబయితది!"

"తప్పయిందన్నా."

ఆ రోజు మొగుడన్న మాటే. జగదీష్‌కు సిగ్గేమీ వెయ్యలేదు, పైగా ధైర్యం వచ్చింది. పిచ్చి మాలోకం, ఏం చెప్పినా నమ్మేస్తుంది అనుకున్నాడు.

"గీత ఆ వీడియోలనే ఉందక్కా. తీసినోని ఫోన్ మంచిది కాదు. ఇగ ఏ షాపుకు పోయినా గింతే. ఉత్తగ పరేషాన్ కాకు, ఇంటికి పో."

"పక్కానా అన్నా? ఎట్ల సూసినా కనిపియ్యదా?"

"నా బిడ్డ మీద ఒట్టు."

నీలా కొంగుతో కళ్లు తుడుచుకుంది. గుమ్మం దాకా వెళ్లి, బయట ఆటోలో కూర్చున్న తన అన్నదమ్ములను కేకేసింది. ముగ్గురు లోపలికి వచ్చారు. ఒక్క లాప్‌టాప్ మోయడానికి ఇంతమందెందుకా అని జగదీష్ అనుకుంటుండగానే ఒకడు షట్టర్ కిందికి లాగేశాడు. ఇంకొకడు అతని చొక్కా పట్టి గోడకు కొట్టాడు.

"ఏందక్కా ఇది? నేనేం చేసిన?"

"వీడియో ఆపితే ముఖం మంచిగ కనిపిస్తదని మా బిడ్డ నిన్ననే సూపిచ్చిందన్నా, ఆ ముఖం సూసినోళ్లు నీ షాపు పేరు జెప్పిన్రు గని గడ్డం లేని నువ్వు వాడివేనా కాదా అని అనుమానముండె, అందుకే ఆపుతవో ఆపవో సూసిపోదామని వచ్చిన."