గురువారం కాగితాలు

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ గాయని అడక్కుండానే నలభై పరుపులు పంపింది. వార్డెన్‌కి అనుమానం మొదలైంది అక్కడే.

బడి హాస్టల్లో వార్డెన్‌ది పంతొమ్మిదేళ్ళ కొలువు. దాతలు ఆవిడకి కొత్త కాదు. అరటిపండు ఒకటిచ్చి ఫొటోలు నాలుగు దిగేవాళ్ళని చూసింది. పాత చొక్కాలిస్తూ, గుండీలు మాత్రం కోసి దాచుకున్నవాళ్ళనీ చూసింది. ఈ అమ్మాయి కెమెరా తేలేదు. విలేకరిని తేలేదు. పైగా, ఎవరికీ చెప్పొద్దంది. మంచి పని చేసి చెప్పొద్దనేవాళ్ళు కథల్లో ఉంటారు గానీ గేటు దాకా రారు కదా!

ఆమెకి ఇరవై రెండేళ్ళు. నిరుడు ఈ రోజుల్లో ఎవరో కూడా ఎవరికీ తెలీదు. ఏడాది తిరక్కుండా నాలుగు పాటలు జనం నోళ్ళలో నానాయి. బస్సెక్కితే అవే. క్షవరం కొట్లో అవే. పక్కింటాయన ఫోన్ మోగినా అదే గొంతు. స్టేజీ మీద గంటన్నర గంతులేసినా చిన్నమెత్తు ఆయాసం రాదని పత్రికలు మురిసిపోయాయి.

"ఊళ్ళో ఇన్ని బళ్ళుండగా, పాటలు పాడుకునే మనిషికి మన పిల్లలే ఎందుకు కావాల్సొచ్చారు మేడమ్?" అనడిగింది వార్డెన్.

హెడ్మిస్ట్రెస్ అప్పుడు కారుతున్న కప్పు కింద బకెట్ సర్దుతోంది.

"దేవుడు ప్రత్యక్షమైనా గుర్తింపు కార్డు చూపించమంటావు నువ్వు. కొత్త హాస్టల్ కట్టిస్తానంటోందమ్మా ఆ పిల్ల! నెలాఖరు శుక్రవారం సంతకాలు. అందాకా నోరు కట్టేసుకో."

వార్డెన్ నోరు కట్టేసుకుంది. కళ్ళు కట్టేసుకోమని మేడమ్ అనలేదు.

గాయని ప్రతి గురువారం నాలుగింటికి వచ్చేది. వెనక గేటులోంచి. పిల్లల్ని పెద్ద గదిలో కూర్చోబెట్టి తలుపు గడియ పెట్టేది. పెద్దవాళ్ళకి ప్రవేశం లేదు. చేతిలో తెల్లకాగితాల కట్ట, డబ్బా నిండా పెన్సిళ్ళు. గంట తర్వాత ఆ కాగితాలన్నీ లెక్కపెట్టుకుని మరీ సంచీలో వేసుకుని వెళ్ళిపోయేది.

"ఏదో ఆట ఆడిస్తోందట" అని సరిపెట్టుకుంది మేడమ్.

ఆటకి గడియెందుకు? అయిపోయాక లెక్కెందుకు?

ఓ గురువారం వార్డెన్ తలుపుకి చెవి ఆనించింది. లోపల పెన్సిళ్ళ గరగర తప్ప ఏమీ లేదు. పాట లేదు. మాట లేదు. ఇంకాస్త గట్టిగా ఆనించేలోపు తలుపు తెరుచుకుంది. చెవి గాల్లో ఉండిపోయింది.

"ఏం కావాలాంటీ?" గాయని గొంతు బొంగురుపోయి ఉంది. మూడు రోజులుగా జలుబట.

"మంచినీళ్ళేమైనా కావాలేమోనని..."

"గ్లాసేదీ మరి?"

వార్డెన్ తన ఖాళీ చేతుల వంక చూసుకుంది. "కావాలంటే తెద్దామని."

ఆ శనివారమే టీవీలో కచేరీ. తేనె కారింది గొంతులోంచి. రెండ్రోజుల్లో అంత జలుబు ఎలా వదిలిందో, ఏ మందు వేసుకుందో కనుక్కోవాలనుకుంది వార్డెన్. తన దగ్గుకి ఆర్నెల్లు నిండాయి మరి.

తర్వాతి గురువారం ఒక కాగితం కిటికీలోంచి ఎగిరొచ్చి వరండాలో పడింది. సరిగ్గా వార్డెన్ కాళ్ళ దగ్గర. లోపల గాయని రెండుసార్లు లెక్కపెట్టి, బెంచీల కింద వెతికి, మొహం మాడ్చుకుని వెళ్ళింది. నలభయ్యో కాగితం అప్పటికే వార్డెన్ హాజరుపట్టీలో భద్రంగా ఉంది.

విప్పి చూస్తే పాట! పన్నెండు వరుసలు. జడల పిల్ల చేతిరాత. పదకొండేళ్ళ ఆ పిల్ల బడి మొత్తానికీ చురుకైంది. ఏడో వరుసలో 'మాట' అన్నచోట ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన 'బాట' అని దిద్ది ఉంది.

సోమవారం వంటింట్లో రేడియో మోగింది. "సరికొత్త పాట! రాసిందీ తనే, పాడిందీ తనే!" అన్నాడు అనౌన్సర్. అవే పన్నెండు వరుసలు. ఏడో వరుసలో 'బాట'తో సహా.

అదీ సంగతి! పిల్లల బుర్రలు పిండుకుని పరుపులు పంచుతోందన్నమాట. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోంది.

చెప్తే కొత్త హాస్టల్ పోతుంది. వానాకాలమంతా మళ్ళీ బకెట్లే. చెప్పకపోతే పిల్లల సొత్తు పోతుంది. మూడు రోజులు వార్డెన్‌కి అన్నం సయించలేదు. తెల్లారితే శుక్రవారం అనగా నిశ్చయించుకుంది. జడల పిల్ల ఔనంటే చాలు, మేడమ్ కలం అక్కడే ఆపించాలి.

గాయని వెళ్ళిపోయాక, రోజూలాగే లైటు మూడుసార్లు ఆర్పి వెలిగించింది. భోజనాలకి పిలుపది. పిల్లలు పొలోమని వచ్చి కూర్చున్నారు. హాలంతా కంచాల చప్పుడే. వార్డెన్ జడల పిల్ల భుజం తట్టి పక్కకి తీసుకెళ్ళింది. ఎదురుగా కూర్చోబెట్టుకుని కాగితం ముందు పెట్టింది.

ఈ పాట నువ్వు కట్టిందేగా? భయపడకు. ఆ అక్క నీ దగ్గర కొట్టేసింది, అవునా?

పిల్ల ముందు తెల్లబోయింది. తర్వాత కడుపు పట్టుకుని నవ్వింది. రాసిస్తే గానీ వార్డెన్ దేన్నీ నమ్మదని హాస్టల్లో అందరికీ తెలుసు. అందుకని పెన్సిల్ తీసుకుంది. కాగితం తిరగేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది:

"అక్క దొంగ కాదు వార్డెనమ్మా, స్టేజీ మీద గొంతు వేరేవాళ్ళది, అక్క ఉత్తినే పెదాలాడిస్తుంది కదా, అవే ఇక్కడ మా ముందు ఆడించి చూపిస్తే మేం ఆ పెదాలు చదివి రాస్తాం, చెవులు వినపడని మాకే తప్పు దొరక్కపోతే వినపడేవాళ్ళకేం దొరుకుతుందట!"