పసుపు బిళ్ళలు

"బాబాయ్, యాభై చేపల్లో నలభైకి నా బిళ్ళలే!" అంటూ శాస్త్రవేత్త పడవలోనే చతికిలబడింది. నెల కిందట వంద చేపల రెక్కలకు పసుపు బిళ్ళలు తగిలించి సరస్సులో వదిలింది తనే.

పడవ నడిపే ముసలాయన మొహం చేటంత చేసుకున్నాడు. "మంచిదేగా తల్లీ! పోయినసారి ఒక్కటే పడిందని ఎంత దిగులుపడ్డావు!"

"ఏం మంచిది? నేను వదిలినవి వందే. వలేస్తే అవే పడుతున్నాయంటే, వేరేవి లేనట్టేగా! సరస్సు మొత్తానికీ నూట పాతిక చేపలే మిగిలాయి. మూడేళ్ళు వేట ఆపెయ్యమని ఇవాళే రాసి పంపాలి."

ముసలాయన బతికేదే ఆ వేట మీద. గబగబా బుట్ట ముందు కూర్చుని బిళ్ళలు పీకడం మొదలుపెట్టాడు.

"అయ్యయ్యో, ఏంటి బాబాయ్ ఆ పని?"

"ఇవి నావమ్మా! నీ దిగులు చూడలేక, పెట్టెలో మిగిలిన బిళ్ళలన్నీ పొద్దున్నే వచ్చి వలలో పడ్డవాటికి తగిలించా. నీది ఈ ఒక్కటే."

ఆమె తల పట్టుకుని మళ్ళీ లెక్క కట్టింది. "యాభైలో ఒక్కటంటే... సరస్సులో ఐదు వేల చేపలున్నట్టు."

ముసలాయన ఆ ఒక్క చేపనూ చేతిలోకి తీసుకున్నాడు.

"దీనిది కూడా పీకెయ్యనా తల్లీ?"