తగ్గిన పదిహేడు

ఏ ఏడని అడిగితే లింగమూర్తి సంవత్సరం చెప్పడు. నాలా పొంగి నానక్‌రామ్‌గూడ రోడ్డు మీద కార్లు తేలిన ఏడు, అంటాడు.

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. కోకాపేటలో కడుతున్న ఒక టవర్‌కి లింగమూర్తి గేటు కాపలా. మధ్యాహ్నం కూలీల తిండ్లయ్యాక రేకుల కింద కూర్చుని పేకముక్కలు బయటికి తీశాడు.

ఎదురుగా రత్నమ్మ చతికిలబడింది. కదిరి వైపు నుంచి మొగుడితో పనికొచ్చిన మనిషి. నోరు ఊరుకోదు.

"ఒక ముక్క తీసి దాచుకో," అన్నాడు లింగమూర్తి.

తీసి కొంగు కింద పెట్టుకుంది. మిగిలిన ముక్కల్ని ఆయన ఒక్కొక్కటే చూసి నేల మీద పడేస్తూ పోయాడు. ఆసుకి ఒకటి, జాకీకి పదకొండు, రాణికి పన్నెండు, రాజుకి పదమూడు. మధ్యలో ఇంకో కూలీ సత్తెమ్మ వచ్చి, జరమొచ్చింది తాతా, దవాఖానకు పోతున్న అంటే, తలెత్తకుండానే ఊపాడు. ఏ ముక్క పడిందో ఆయన మనసులో ఉండదు. కూడిక ఒక్కటే ఉంటుంది. కట్ట మొత్తం మూడు వందల అరవై నాలుగు. ఎంత తగ్గితే అదే దాచిన ముక్క.

"రాణి."

రత్నమ్మ కొంగు తీసింది. రాణే.

"నీ కండ్లు ముక్కల మీద ల్యావు తాతా, నా కొంగు మీద ఉండాయి."

"ముసిలాయనకు ఏం కనపడతాదిలే నీ కొంగులో," అన్నాడు పక్కనున్న ఆమె మొగుడు చెన్నకేశవులు.

సైటు ఇంజినీరు ఆదర్శ్ కాకినాడ కుర్రాడు. ఈ గారడీ చూడటం అతనికి పదోసారి. "ఒక్కసారి కూడా తప్పదేంటండీ తాతగారూ?"

"తప్పితే అది లెక్కెట్లయితది సార్?"

నలుగురూ నవ్వారు. ఆ నవ్వు లింగమూర్తికి ఇష్టం.

గంట కొట్టగానే అందరూ సెల్లార్ గుంతలోకి దిగారు. దిగేవాళ్లకు పొద్దున్నే నంబరు బిళ్ల ఇవ్వడం, పని చాలించి పైకి వచ్చినప్పుడు గేటు దగ్గర బకెట్‌లో వేయించుకోవడం లింగమూర్తి పని. ఒకటి నుంచి అరవై దాకా బిళ్లలు. అరవై మంది మనుషులు.

నాలుగింటికి పక్కనున్న నాలా వైపు గోడ కూలింది. నీళ్లు గుంతలోకి దూకాయి. జనం పడుతూ లేస్తూ పైకి ఉరికారు. అంత భయంలోనూ బిళ్ల బకెట్‌లో వేయడం ఎవరూ మరవలేదు. బిళ్ల పడకపోతే ఆ రోజు కూలి రాదు. వేసినవాళ్లు వేసినట్టే చెల్లాచెదురైపోయారు. వాళ్ల షెడ్లూ మునుగుతున్నాయి. ఎవరు ఫంక్షన్ హాలుకు పోయారో, ఎవరు ఫ్లైఓవర్ కింద చేరారో తెలియదు. హాజరు పుస్తకం నీళ్లపాలైంది.

ఫైరింజన్ వచ్చింది. దాని అధికారి ఒకటే అడిగాడు.

"లోపల ఎవరన్న ఉన్నరా? ఉంటే ఇప్పుడే మనుషుల్ని దింపుత. జర సేపైతే దింపినా ఫాయిదా లేదు. లేరంటే చెప్పుండ్రి, ఇంకో రెండు చోట్ల పిలుస్తున్నరు."

ఆదర్శ్ బకెట్ అందుకున్నాడు. "వరసగా పేర్చి చూద్దామండీ."

"పేర్చుడెందుకు సార్," లింగమూర్తి బకెట్ తన వైపు లాక్కున్నాడు. "గంత టైమున్నదా? టార్చి పట్టుండ్రి."

బిళ్ల తీయడం, చూడటం, సంచిలో పడేయడం. లెక్క ఎక్కడా తడబడలేదు. అరవై బిళ్లల మొత్తం పద్దెనిమిది వందల ముప్పై. బకెట్ ఖాళీ అయ్యేసరికి పద్దెనిమిది వందల పదమూడు వచ్చింది.

"పదిహేడు లేదు," అన్నాడు.

ఆదర్శ్ టార్చి ఆయన మొహం మీదికి తిప్పాడు. "పదిహేడు ఎవరండీ?"

లింగమూర్తి కళ్లు మూసుకుని, పొద్దున ఆ బిళ్ల ఎవరికిచ్చాడో గుర్తు చేసుకున్నాడు. తెరిచేసరికి మొహం విచ్చుకుంది.

"సత్తెమ్మ. జరమొచ్చి పగటీలే దవాఖానకు పోయింది. బిళ్ల కొంగున కట్టుకొనే పోయినట్టున్నది. ఫికర్ లేదు సార్, లోపల ఎవ్వరు లేరు."

ఫైరింజన్ వెళ్లిపోయింది. ఆదర్శ్ ముసలాయన చేతిని రెండు చేతులతో పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

మరునాడు పొద్దున వాన తెరిపిచ్చింది. సత్తెమ్మ తలకు గుడ్డ చుట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"పనున్నదా తాతా?"

"ఏడి పని. నిన్నటి బిళ్ల ఇటియ్యి."

"నా తాన యాడున్నది? నువ్వు పత్తాలాట మీదున్నవ్. నేను బకెట్ల ఏసే పోయిన."

లింగమూర్తి రేకుల కిందికి పోయాడు. సంచి తెచ్చి నేల మీద గుమ్మరించాడు.

ఒకటి నుంచి మొదలుపెట్టి బిళ్లల్ని వరసగా పేర్చాడు; పదిహేడు ఉంది, రత్నమ్మ ఎనిమిదీ చెన్నకేశవులు తొమ్మిదీ లేవు.