వీధి గుమ్మానికి బూట్లు

మాధవరం కోడలు ఈశ్వరి తుంగభద్రలో పడవ పందేలకు సాధన చేస్తోంది. అత్తకు తెలియకూడదని తడి రబ్బరు బూట్లను గోనెసంచిలో కుక్కుతోంది. తడిసినదానికి గాలీ ఎండా తగలకుంటే కంపే. ఆదోని మండీలో తడి పత్తి కుక్కిన బోరేల పక్కన నిలబడినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

“ఏం సచ్చిందే ఇంట్లో?” అంది అత్త సుంకమ్మ.

ఈశ్వరి బూట్లు తెచ్చి, వీధి గుమ్మానికి ఎండలో వేలాడగట్టింది. “దాసినందుకే కంపు అత్తా. ఇంక దాసను. ఎవురేమనుకున్నా పందెం మానను.”

“దిష్టికి చెప్పులు కట్టినారేం?” నవ్వాడు పక్కింటాయన.

“దిష్టికి కాదప్పా, ఆరనీకి. మా కోడలు పడవ పందేనికి పోతాంది,” అంది సుంకమ్మ.

ఈశ్వరి తెల్లబోయింది.

“రోజూ నువ్వు పడవ నడిపే ఆ రేవులోనే గదా నేను బట్టలుతికేది. నీ నోటితో ఎప్పుడు సెప్తావా అని ముక్కు మూసుకోని ఉండాను.”